మంచుదారులు – 6: వంద పూసల జపమాల

జపమాలకు నూట ఎనిమిది పూసలు. మన దగ్గరైనా టిబెట్‌లోనైనా లెక్క అదే. 1865లో టిబెట్ నేల మీద నడుస్తున్న ఒక యాత్రికుడి చేతిలో మాలకు మాత్రం సరిగ్గా వందే పూసలు. పగడాల్లా కనిపించే ఎర్రపూసలు తొమ్మిది, వాటి తర్వాత ఒక రుద్రాక్ష. మళ్లీ తొమ్మిది ఎర్రపూసలు, మళ్లీ రుద్రాక్ష. దారిలో ఎవరైనా ఆ మాల తీసుకుని పూసలు లెక్కపెట్టి ఉంటే ఆ మనిషి ప్రాణం మీదికి వచ్చేది. ఎవరూ లెక్కపెట్టలేదు. జపం చేసుకునేవాణ్ణి కదిలించడం ఆ దేశంలో మర్యాద కాదు.

ఆయన పేరు నైన్ సింగ్ రావత్. ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని పిథోరాగఢ్ జిల్లా, జోహార్ లోయ, మిలం గ్రామం. పదకొండు వేల అడుగుల పైన, హిమానీనదం పక్కన ఉన్న ఊరు అది. శీతాకాలం రాగానే ఊరు ఊరంతా పిల్లాజెల్లా, గొర్రెలూ మేకలతో కిందికి దిగిపోయేది. ఎండలు రాగానే మళ్లీ పైకి. అక్కడివాళ్లను బయటివాళ్లు భోటియాలన్నారు, వాళ్లు తమను శౌకాలని చెప్పుకుంటారు. కింది నుంచి ధాన్యం, బట్టలు గొర్రెల వీపుల మీద కట్టి కనుమలు దాటించడం, టిబెట్ నుంచి ఉప్పు, ఉన్ని, వెలిగారం తెచ్చుకోవడం వాళ్ల బతుకు. ప్రతి కుటుంబానికీ అవతల ఒక టిబెటన్ వ్యాపారితో తరతరాల చెలిమి ఉండేది. అతన్ని ‘మిత్ర’ అనే పిలిచేవారు. ఎవరి మిత్రుడితో వాళ్లే బేరం చేయాలి, మరొకరు మధ్యలో దూరకూడదు. టిబెటన్ భాష ఈ పిల్లలకు ఉగ్గుపాలతో కాకపోయినా తండ్రి వెంట చేసిన మొదటి ప్రయాణంతోనే వచ్చేసేది.

ఇది ముందుగా చెప్పడానికి కారణం ఉంది. టిబెట్‌ను ‘కనుగొన్న’ వాళ్ల జాబితాలు చదివినప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. మిలం ఇల్లాళ్లు ఏ చలికాలం సాయంత్రమైనా టిబెట్ ఉప్పుతో కూర వండుకుంటున్న రోజుల్లో, లండన్ పటాల్లో ఆ దేశం దాదాపు ఖాళీ. లాసా నగరం ఏ అక్షాంశం మీద ఉందో కూడా యూరప్ భూగోళ పండితులకు రూఢిగా తెలియదు. వాళ్ల దగ్గరున్న టిబెట్ పటానికి ఆధారం చైనా చక్రవర్తి కాంగ్‌షీ కోసం పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో లామాలు చేసిన కొలతలు.

ఇక కొలిచేవాళ్ల కథ. దక్షిణాది నేలను త్రికోణాలుగా విడదీసి కొలిచే మహా సర్వే 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర మొదలైంది. దాన్ని నడిపిన విలియం లాంబ్టన్ చివరి ఏళ్లలో హైదరాబాదు నుంచే పని చేశాడు. అక్కడి నుంచి నాగపూర్ వెళ్తూ 1823లో హింగన్‌ఘాట్‌లో కన్నుమూశాడు. ఆయన కింద పని నేర్చుకున్న జార్జి ఎవరెస్టు మన కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో జ్వరంతో మంచం పట్టాడు. అలా మన ఊళ్ల మీదుగా ఉత్తరానికి పాకిన ఆ కొలత హిమాలయాల దగ్గర ఆగిపోయింది. లాంబ్టన్ వాడిన పెద్ద థియోడలైట్ బరువు అర టన్ను. దాన్ని టిబెట్‌లోకి మోసుకెళ్లే దారే లేదు. 1792లో గూర్ఖాలతో జరిగిన యుద్ధం తర్వాత టిబెట్ తలుపులు విదేశీయులకు మూసుకుపోయాయి. హద్దు దాటిన వాళ్లకు ఏమవుతుందో నైన్ సింగ్‌కు దగ్గరగా తెలుసు. యువకుడిగా ఉన్నప్పుడు ఆయన ష్లాగింట్‌వైట్ సోదరులనే జర్మన్ శాస్త్రవేత్తల దగ్గర పని చేశాడు. ఆ సోదరుల్లో ఒకడైన అడాల్ఫ్ తలను 1857లో కాష్గర్‌లో నరికేశారు.

తర్వాత నైన్ సింగ్ ఊరికి తిరిగొచ్చి బడి పంతులయ్యాడు. పిల్లలకు చదువు చెప్పేవాణ్ణి మనం పంతులుగారు అన్నట్టే కుమావూలో పండిత్ అంటారు. ఆ పిలుపే తర్వాత ఆయనకు గూఢనామమైంది.

సర్వే శాఖలో కెప్టెన్ మోంట్‌గోమరీ అనే ఇంజనీరు ఉండేవాడు. కారకోరం శిఖరాలకు కె1, కె2 అని గుర్తులు పెట్టినవాడు ఆయనే. తెల్లవాడు పోలేని చోటికి కొండవాడు పోగలడన్నది ఆయన ఆలోచన. నైన్ సింగ్‌ను, ఆయన జ్ఞాతి సోదరుడు మానీ సింగ్‌ను 1863లో డెహ్రాడూన్‌కు పిలిపించాడు. రెండేళ్ల శిక్షణ. నక్షత్రాలను గుర్తుపట్టడం, సెక్స్టెంటుతో వాటి ఎత్తు కొలవడం, దిక్సూచి చూడటం నేర్పించారు. వీటన్నిటికంటే కష్టమైన పాఠం నడవటం. కొండవాడికి నడక నేర్పడమేమిటని మనకు అనిపిస్తుంది. ఎక్కుడైనా దిగుడైనా, రాయైనా ఇసుకైనా, మంచైనా బురదైనా ప్రతి అంగా ఒకే పొడవు పడాలి. నైన్ సింగ్ అంగ ముప్పై ఒకటిన్నర అంగుళాలు. అలాంటివి రెండు వేలైతే ఇంచుమించు ఒక మైలు.

ఒకసారి ఇంటి గుమ్మం నుంచి వీధి చివరిదాకా అంగలు లెక్కపెడుతూ నడిచి చూడండి. ముప్పై దాటాక ఎవరో పలకరిస్తారు, పక్కనుంచి బండి పోతుంది, ఏదో జ్ఞాపకం అడ్డొస్తుంది, లెక్క జారిపోతుంది. ఈయన పదహారు వేల అడుగుల ఎత్తులో, ఊపిరందని గాలిలో, పక్కవాళ్లు కబుర్లు చెబుతుంటే జవాబిస్తూ, నెలల తరబడి లెక్క తప్పకుండా నడిచాడు. నూరు అంగలకు ఒక పూస జరిపేవాడు. వేళ్లకు రుద్రాక్ష గరుకుగా తగిలిందంటే వెయ్యి అయినట్టు. మాల ఒక చుట్టు తిరిగితే పది వేలు, అంటే అయిదు మైళ్లు. వందే పూసలు ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా. నూట ఎనిమిది పుణ్యానికి పనికొచ్చే అంకె, గుణకారానికి పనికిరాదు.

రెండో చేతిలో మణిచక్రం. టిబెట్‌లో ముసలివాళ్లూ పడుచువాళ్లూ తిప్పుతూ తిరిగే చిన్న రాగి డబ్బా అది. లోపల మంత్రం రాసిన కాగితపు చుట్ట ఉండాలి. ఈయన చక్రంలో ఉన్నవి దూరాలు, దిక్కులు, ఊళ్ల పేర్లు రాసుకున్న చీటీలు. దారిలో ఎవరైనా మరీ దగ్గరికొచ్చి మాటలు పెంచితే చక్రం తిప్పుతూ ‘ఓం మణి పద్మే హుం’ అని గొణిగేవాడు. వాళ్లు గౌరవంగా పక్కకు తప్పుకునేవారు. సెక్స్టెంటు పెట్టె అడుగున రహస్యపు అరలో ఉండేది. ఊతకర్రలో ఉష్ణమాపకం. పాదరసాన్ని గవ్వల్లో పోసి మూతులకు మైనం అంటించారు. నక్షత్రం ఎత్తు కొలవాలంటే సమతలమైన అద్దం లాంటిది కావాలి. కొండల మధ్య దిగంతం కనపడదు కాబట్టి రాత్రిపూట ఆ పాదరసాన్ని కొయ్యగిన్నెలో పోసి అందులో నక్షత్రపు ప్రతిబింబం చూసేవాడు. పగలు అదే గిన్నెలో చాయ్ తాగవచ్చు, వేయించిన బార్లీ పిండి త్సంపా కలుపుకుని తినవచ్చు. కొయ్యగిన్నె లేని యాత్రికుడు ఆ దేశంలో ఎవడు?

1865 జనవరిలో బయలుదేరిన సోదరులు మార్చికి కాఠ్మాండు చేరారు. బషహర్ రాజ్యపు వ్యాపారులమని చెప్పుకుని క్యిరోంగ్ దారిలో హద్దు దగ్గరికి వెళ్లారు. సామాను సోదా చేసినవాళ్లకు అరలు కనపడలేదు. అయినా అధికారులు నమ్మక వెనక్కి పంపేశారు. మానీ సింగ్ ఆరోగ్యం బాగోలేక వేరే దారిన తిరుగుముఖం పట్టాడు. నైన్ సింగ్ జుట్టుకు సవరం కట్టి లద్దాఖీ వేషం వేసుకున్నాడు. ఒక వ్యాపారి నూరు రూపాయలు అప్పు తీసుకుని, లాసా దాకా తీసుకెళ్తానని మాటిచ్చి ఎగ్గొట్టాడు. చివరికి హద్దు దాటేటప్పుడు అధికారులు ఒక కాగితం రాయించుకున్నారు: లాసా వెళ్లను, వెళ్తే నా ప్రాణం తీసేయవచ్చు. ఆయన సంతకం పెట్టి నడక సాగించాడు.

త్రాదుమ్ మఠం దగ్గర లాసాకు పోయే లద్దాఖీ వ్యాపారుల బిడారు దొరికింది. అక్టోబరు 3న వాళ్లతో కదిలాడు. అక్కడి నుంచి దారి సాంగ్పో లోయ వెంట తూర్పుకు. మన బ్రహ్మపుత్ర పుట్టింటి పేరు సాంగ్పో. గార్తోక్ నుంచి లాసా దాకా సుమారు 800 మైళ్ల రహదారి అది. అందులో 22 మజిలీలు, ఒక్కోచోట గుర్రాలూ యాక్‌లూ సిద్ధంగా ఉండేవి. ప్రభుత్వ వార్తాహరులు ఆ దూరాన్ని ఇరవై రెండు రోజుల్లో దాటేవారు. వాళ్ల గురించి నైన్ సింగ్ చెప్పినది చదివితే మనసు కలుక్కుమంటుంది. బయలుదేరే ముందు వార్తాహరుడి కోటును రొమ్ము మీద బిగించి లక్కముద్ర వేసేవారు. ఉత్తరం అందుకోవలసిన అధికారి తప్ప ఆ ముద్రను మరొకరు తెంపకూడదు. అంటే దారి పొడవునా బట్ట విప్పడానికి లేదు. రాత్రింబగళ్లు స్వారీ, తిండికీ గుర్రం మార్చుకోవడానికీ మాత్రమే ఆగడం. గమ్యం చేరేసరికి ముఖం పగిలి, కళ్లు ఎర్రబారి, ఒళ్లంతా పేలు కొరికిన పుళ్లు. ఈ సంగతి నైన్ సింగ్ నోట్ చేసుకోకపోయినా సర్వే వాళ్లేమీ అనేవారు కాదు, పటానికి దానితో పని లేదు. అయినా ఆయన గుర్తుపెట్టుకుని చెప్పాడు.

జాంగ్లాచే దగ్గర నది విశాలమవుతుంది. షిగాత్సే దాకా 80 మైళ్లకు పైగా యాక్ తోలు కప్పిన పడవల్లో పోవచ్చు. మన కృష్ణా, తుంగభద్రల మీది తోలుపుట్టిని చూసినవాళ్లు ఆ పడవను ఊహించుకోగలరు. బిడారులో చాలామంది హాయిగా పడవెక్కారు. నెలలుగా నడుస్తున్న నైన్ సింగ్ మాత్రం ఒడ్డునే నడుస్తానన్నాడు. నీటి మీద అంగలు పడవు కదా! తోటివాళ్లు భక్తుడి పట్టుదల అనుకుని ఉంటారు.

షిగాత్సేలో ఆయన్ను భయపెట్టినది పోలీసులు కాదు. ఊరి పక్కనే తాషీ ల్హున్పో మఠం, వేల మంది భిక్షువులు. బిడారువాళ్లంతా ఆ మఠాధిపతి పంచెన్ లామా దర్శనానికి బయలుదేరారు. వెళ్లకపోతే అనుమానం. వెళ్తేనో, ఎదుటివాడి గుండెలో ఉన్నది పంచెన్ లామాకు తెలిసిపోతుందని అక్కడి నమ్మకం. నైన్ సింగ్ తటపటాయించాడు. చిన్నప్పటి నుంచి లామాలను చూస్తూ పెరిగినవాడు, ఆ నమ్మకం ఆయన ఎముకల్లోనూ కొంత ఉంది. అయినా ధైర్యం కూడగట్టుకుని లోపలికి వెళ్లాడు. గద్దె మీద పది పదకొండేళ్ల పిల్లవాడు! ఎనిమిదో పంచెన్ లామా 1855లో పుట్టినవాడే. వచ్చిన అందరినీ అడిగినట్టే మూడు ప్రశ్నలు అడిగాడు: మీ రాజు క్షేమమా? మీ దేశం చల్లగా ఉందా? నీ ఆరోగ్యం బాగుందా? తర్వాత మెడలో పట్టుగుడ్డ వేశారు, చాయ్ పోశారు, దర్శనం అయిపోయింది.

ఆ మొదటి ప్రశ్న దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. ఏ రాజు? నైన్ సింగ్ నోట ఏ జవాబు వచ్చిందో గానీ, అప్పుడాయన వేళ్ల మధ్య ఉన్న మాల ఎవరి సొత్తో ఆయనకు తెలుసు.

గ్యాంత్సే మీదుగా నడిచి 1866 జనవరి 10న లాసా చేరాడు. తాషీ ల్హున్పో మఠానికి చెందిన సత్రంలో రెండు గదులు అద్దెకు తీసుకున్నాడు. చూసుకుని తీసుకున్న గదులవి, అక్కడి నుంచి ఎవరి కంటా పడకుండా నక్షత్రాలను కొలవవచ్చు. చీకట్లో అంకెలు చదవడానికి తెచ్చుకున్న లాంతరు దారిలోనే చేజారింది. కొన్నిచోట్ల రాత్రి నక్షత్రాన్ని పట్టి, పరికరాన్ని కదలకుండా దాచి, తెల్లవారాక అంకె చదువుకున్నాడు. అలా తేల్చిన లాసా అక్షాంశం 29 డిగ్రీల 39 నిమిషాలు. ఇవాళ్టి ఏ పటం తీసినా అదే కనిపిస్తుంది. ఎత్తు తేల్చినది మరుగుతున్న నీళ్లతో. పైకి పోయేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, లాసాలో 88 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలోనే. చాయ్ కాచుకునే కుండలో ఉష్ణమాపకం ముంచితే చాలు, ఎత్తు తెలుస్తుంది.

దలైలామా దర్శనమూ అయింది. ఆరడుగుల ఎత్తు గద్దె, దాని మీద మరో పిల్లవాడు, 1857లో పుట్టిన పన్నెండో దలైలామా. ఆ తర్వాత కొద్ది రోజులకే టిబెటన్ కొత్త సంవత్సరం వచ్చింది, దాని వెంటే మోన్లం ప్రార్థనోత్సవం. ఆ రోజుల్లో లాసా పాలన ప్రభుత్వం చేతిలోంచి డ్రెపుంగ్ మఠపు భిక్షువు చేతికి మారేది. ఆ హోదాకు వేలంపాట. పాడుకున్నవాడు వెండిదండం పట్టుకుని వీధుల్లో తిరుగుతూ తన అధికారం చాటుకునేవాడు, చిన్నచిన్న తప్పులకు కూడా జరిమానాలు గుంజేవాడు. ఆ భయానికి పేదవాళ్లు ఊరు వదిలి పోయేవారు, ఉన్నవాళ్లు ఇళ్లకు సున్నాలు కొట్టించి శుభ్రంగా పెట్టుకునేవారు. నైన్ సింగ్ ఇవన్నీ దాచకుండా చెప్పాడు. దూరపు దేశాన్ని దేవలోకంగా చూపే యాత్రికులకు లేని నిజాయితీ ఆయన మాటల్లో నాకు కనిపిస్తుంది.

డ్రెపుంగ్ అన్న మాట వచ్చింది కాబట్టి మన సంగతి ఒకటి. 1416లో కట్టిన ఆ మఠం పేరుకు టిబెటన్‌లో బియ్యపు రాశి అని అర్థం. ఎక్కడి బియ్యం? మన ధాన్యకటకం. కృష్ణ ఒడ్డున అమరావతి పక్కనున్న ధరణికోట. బుద్ధుడు కాలచక్ర బోధ చేసింది ధాన్యకటకంలోనే అని టిబెటన్ల విశ్వాసం. అందుకే మన ఊరి పేరును తమ భాషలోకి మార్చుకుని తమ అతిపెద్ద మఠానికి పెట్టుకున్నారు. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర దీక్ష ఇచ్చినప్పుడు వేలాది టిబెటన్లు కృష్ణాతీరానికి తరలివచ్చింది ఇందుకే. వాళ్లలో ఎంతోమందికి అది కొత్త ఊరు కాదు, పూజగదిలో విన్న పేరు.

లాసాలో చేతిలో డబ్బు అయిపోయింది. పంతులు మళ్లీ పంతులయ్యాడు. నేపాలీ వర్తకులకు మన పద్ధతిలో పద్దులు రాయడం నేర్పాడు. వాళ్లు జీతంగా ఇచ్చింది ఎక్కువగా వెన్న, తిండి. అంతలో ఇద్దరు కశ్మీరీ సంతతి ముస్లిం వ్యాపారులు ఆయన వేషం కనిపెట్టేశారు. నిలదీస్తే నిజం ఒప్పుకోక తప్పలేదు. పట్టిస్తే వాళ్లకు బహుమానం దొరికేదేమో. వాళ్లు నోరు విప్పలేదు. పైగా ఆయన గడియారం కుదువ పెట్టుకుని అప్పిచ్చి ఆదుకున్నారు. ఒకరోజు నడివీధిలో క్యిరోంగ్ అధికారి కనిపించాడు, లాసా వెళ్లనని నైన్ సింగ్ రాసిచ్చిన కాగితం గుర్తున్న మనిషి. మరో రోజు, అనుమతి లేకుండా వచ్చిన ఒక చైనీయుడి తలను జనం చూస్తుండగా నరికారు. నైన్ సింగ్ బస మార్చేశాడు, పగలు బయటికి రావడం తగ్గించాడు.

ఏప్రిల్ 21న అదే లద్దాఖీ బిడారుతో తిరుగుప్రయాణం. సాంగ్పో వెంట పడమటికి, మానసరోవరం దాకా, మళ్లీ పూసలు జరుపుతూ. అక్టోబరు 27న డెహ్రాడూన్ చేరాడు. నడిచినది 1,200 మైళ్లు, అంగల్లో దాదాపు 25 లక్షలు. మాల ఇంచుమించు 250 చుట్లు తిరిగింది. 31 చోట్ల అక్షాంశం, 33 చోట్ల ఎత్తు తేల్చి తెచ్చాడు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా దాటలేను. ఈ కథను ఎక్కువమంది మోంట్‌గోమరీ తెలివికి మెచ్చుకోలుగా చెబుతారు. మాలలో లెక్క, చక్రంలో చీటీ, గవ్వలో పాదరసం, నిజంగా తెలివే. కానీ ఆ తెలివి పనిచేసింది టిబెటన్ల మర్యాద వల్ల. ప్రార్థించేవాడి పెదవులు కదులుతుంటే పక్కకు తప్పుకునే జనం కాకపోతే ఆ మాల మొదటి మజిలీలోనే పట్టుబడేది. నైన్ సింగ్‌ను నేను తప్పుపట్టను. బడి పంతులు, బతకాలి, పైగా ఆయన నడక, ఓర్పు, చూపు ఎవరూ అనుమానించలేనివి. అయినా గ్యాంత్సే నుంచి లాసాకు ఆయన పూస పూసగా కొలిచిన ఆ దారిలోనే 38 ఏళ్ల తర్వాత, 1904లో, బ్రిటిష్ అధికారి యంగ్‌హస్బండ్ సైన్యం తుపాకులతో నడిచింది. గ్యాంత్సేకు రాకముందే గురు గ్రామం దగ్గర మార్చి 31న ఆ సైన్యం వందలాది టిబెటన్లను కాల్చి చంపింది.

1866లో ఇదేమీ ఆయనకు తెలియదు. సర్వే నివేదిక అచ్చయినప్పుడు అందులో నైన్ సింగ్ అన్న పేరు కూడా లేదు, ‘పండిత్’ అని మాత్రమే. మళ్లీ పంపించాలి కాబట్టి దాచారు. మరుసటి ఏడాదే పంపారు, ఈసారి థోక్ జాలుంగ్ బంగారు గనులకు. 1877లో లండన్ రాయల్ జియోగ్రఫికల్ సొసైటీ స్వర్ణపతకం ప్రకటించే నాటికి ఆయన కళ్లు మంచు వెలుగుకు దెబ్బతిని ఉన్నాయి. దానికి ముందు ఇంకొక్క ప్రయాణం మిగిలి ఉంది, అన్నిటికన్నా పొడవైనది. 1874 జులైలో లేహ్ నుంచి కదిలిన ఆ బృందంలో సామాను మోసినవి గుర్రాలు కావు, యాక్‌లు కావు. ఇరవై ఆరు గొర్రెలు. వాటి నడక వచ్చే భాగంలో.